అయిదు కూర్చోవడాల నడక

గుట్టలున్న ఊళ్ళో ఎవరూ దారి తప్పరు. ఏదో ఒక గుట్ట ఎక్కి చూస్తే ఎవరి ఇల్లు వాళ్ళకి కనబడుతుంది. దారి తప్పడమంతా చదును నేల మీదే. ఆ ఊరి చుట్టూ నేల ఇస్త్రీ బల్లలా ఉంటుంది. ఎత్తంటే చీమలపుట్ట, లోతంటే బండి చక్రం గాడి. కాసేపు అడవి, కాసేపు తుప్పల బీడు, కాసేపు చేలు, మళ్ళీ అడవి. ఏ మూల చూసినా ఇంకో మూలకి కవలపిల్లలా ఉంటుంది. అందుకే పిల్లాపాపలతో అలా తిరిగొద్దామనుకున్న వాళ్ళు ముందు లైబ్రరీకి వెళ్ళి, గుమ్మం పక్కన మేకుకి గుచ్చిన కాగితాల్లోంచి ఒకటి లాక్కుంటారు. ఒక్కో కాగితం మీద ఒక్కో నడక. మొత్తం పన్నెండు. అవి చెప్పి రాయించింది ముడుల పిన్ని.

పిన్నికి చదువు మూడో తరగతి దాకా వచ్చి, అక్కడ కాళ్ళు నొప్పెట్టి ఆగిపోయింది. కాళ్ళు నొప్పెట్టింది చదువుకే, పిన్నికి కాదు. ఆవిడ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడి పనిచేసింది. అక్కడ కుర్చీ ఉండేది గాని, అది గుమాస్తాది. గుమాస్తా దుప్పట్లు కాగితం మీద లెక్క రాసేవాడు, పిన్ని నడుముకి కట్టుకున్న తాడుకి ముడులేసేది. పది దుప్పట్ల మూటకి చిన్న ముడి, పది మూటలకి పెద్ద ముడి. సాయంత్రానికి గుమాస్తా లెక్కా తాడు లెక్కా కలవకపోతే, మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టి చూసేవారు. ప్రతిసారీ తాడే నెగ్గేది. ముడుల పిన్ని అన్న పేరు అక్కడ పడిందే.

పనిలోంచి దిగాక ఆవిడకో చిక్కొచ్చింది. కూర్చోవడం చేతకాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు కుర్చీలో పెడితే వాచిపోయేవి. డాక్టరు నడవమన్నాడు. మొగుడిని రమ్మంది. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు తోలి, ఊరందరినీ కూర్చోబెట్టి తిప్పిన మనిషి. "నడిచేవాళ్ళే ఉంటే ఇన్నాళ్ళూ నాకు జీతం ఎవరిచ్చుండేవాళ్ళే?" అన్నాడు. దాంతో పిన్ని అత్తగారినీ, ఏడేళ్ళ మనవరాలినీ వెంటేసుకుని బయల్దేరింది. పిల్ల అమ్మా నాన్నా ఆదివారాలు డ్యూటీలో ఉండేవాళ్ళు. అత్తగారికి ఆదివారమేమిటి, అన్ని రోజులూ ఒకటే.

అత్తగారికి ఎనభై రెండు. మనిషి సూదిలా సన్నం, మాట కూడా సూదే. వయసులో ఉండగా దర్జీ కొట్లకి కాజాలు కుట్టి నలుగురు పిల్లల్ని పెంచింది. రోజుకి అరవై కాజాలు, ఒక్కటీ నోరు తెరిచేది కాదు. కళ్ళజోడన్నది ఎరగని మనిషి. పెళ్ళిచూపుల్లో పిన్ని కట్టుకున్న బట్ట అంచు కుట్టు వంకరగా ఉందని గుమ్మంలోంచే చెప్పింది. ఆ మాట పిన్ని నలభై రెండేళ్ళుగా మర్చిపోలేదు. ఆవిడా మర్చిపోనివ్వలేదు.

మొదటి నడక కాగితం రాయించినప్పుడు లైబ్రరీ అమ్మాయి, "ఎన్ని కిలోమీటర్లు పిన్నీ?" అని అడిగింది.

"కిలోమీటర్లు నడుస్తాయా తల్లీ? నడిచేది మనుషులు. మా అత్తయ్య రెండుసార్లు కూర్చుంది. రెండు కూర్చోవడాల నడక అని వెయ్యి."

ఆ అమ్మాయి నవ్వి అలాగే టైపు కొట్టింది. జనానికి అది ఎక్కినట్టు ఏ కిలోమీటరూ ఎక్కలేదు. కడుపుతో ఉన్న పిల్లా, మోకాళ్ళరిగిన తాతా, చంటిదాన్ని తోపుడుబండిలో పడేసుకున్న తల్లీ, అందరికీ కూర్చోవడం తెలుసు. అన్ని కాగితాల కిందా పిన్ని ఒకటే మాట రాయించింది: "ఒక కూర్చోవడం అయితే చంటిబిడ్డతో వెళ్ళండి. మూడైతే తాతకి మంచినీళ్ళు పట్టుకోండి. అయిదైతే తాతని ఇంట్లో పెట్టి వెళ్ళండి."

ఆ ఆఖరి మాట వచ్చి సొంత కొంపకే తగులుతుందని ఎవరనుకున్నారు?

ఏడో నడక పన్నెండింటిలోకీ పొట్టిది. చేను గట్టు మీద మొదలై, అడవిలో దూరి, బీట్లోకి తేలి, మళ్ళీ అడవి, మళ్ళీ బీడు, అలా సాగి పాల డైరీ గేటు దగ్గర తేలుతుంది. చలి తగ్గాక నడిచినప్పుడు అత్తగారు ఒక్కసారే కూర్చుంది. ఎండలు ముదిరాక అదే నడకలో అయిదుసార్లు కూర్చుంది. నాలుగు వారాలు అదే నడిచి సరిచూసుకున్నాక, ఓ రోజు భోజనాల బల్ల దగ్గర పిన్ని తన గొప్ప కోసం ఆ లెక్క పైకి చదివింది. లెక్క మారితే కాగితం మార్చాలి, అదీ ఆవిడ నిజాయితీ. దానితోనే చిక్కొచ్చి పడింది.

మొగుడు చెంచా కింద పెట్టాడు. "అయిదా?"

"అయిదే. తాడు చూసుకోండి."

"అయిదైతే ముసలివాళ్ళని ఇంట్లో పెట్టమని రాయించింది నువ్వే కదా. ఊళ్ళో తాతలకో న్యాయం, మా అమ్మకో న్యాయమా? అది గుండె. ఇంజను అరిగింది. వచ్చే వారం నించి అమ్మ గడప దాటదు."

పిన్ని అత్తగారి వంక చూసింది. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉండాలన్నదాని మీద కూడా మూడు రోజులు పోట్లాడిన మనిషి. ఇప్పుడు ఇంత మాటంటే ఊరుకుంటుందా అనుకుంది. అత్తగారు గ్లాసు కోసం బల్ల మీద చెయ్యి జరుపుతూ, "నీ ఇష్టం నాయనా," అంది. లేచి వెళ్ళి, నడక బూట్లు రెండూ మంచం కిందికి నెట్టేసుకుంది.

మూడు ఆదివారాలు మనవరాలు ఆ మంచం మీద కూర్చుని, "తాతమ్మా, రా," అని పిలిచింది. "కాళ్ళు రానంటున్నాయే," అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. తిండి సగానికి తగ్గింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటే పగలేదో రాత్రేదో తెలియనట్టు ఉండేది. వారానికి ఒక్కరోజు బయటి గాలి, అదొక్కటే ఆవిడకి మిగిలిన ఆస్తి. దాన్ని పోగొట్టింది కోడలి తాడు.

పిన్నికి బాధకంటే ముందు అనుమానం పుట్టింది. నోరున్న మనిషి నోరు మూసుకుందంటే ఆ నోటి వెనకాల ఏదో దాచుకుందనే. పైగా గుండె అరిగితే మేడమెట్లేమిటి? ఇరవై రెండు మెట్లు. మొన్నటిదాకా ఆరేసే బట్టల బుట్ట పెట్టుకుని రోజుకి మూడుసార్లు ఎక్కి దిగేది, దిగాక కోడల్ని తిట్టడానికి ఊపిరి కూడా మిగుల్చుకునేది. మెట్ల మీద లేని ఆయాసం చదును నేల మీద ఎక్కణ్ణించి వచ్చింది?

నడకల తాళ్ళన్నీ తలుపు వెనక మేకుకి వేలాడుతుండేవి. నూరడుగులకి ఒక చిన్న ముడి, అత్తగారు కూర్చున్న చోట పెద్ద ముడి. పిన్ని అంతవరకూ పెద్ద ముడులు లెక్కపెట్టి, మిగతా తాడు వదిలేసేది. ఆ మధ్యాహ్నం ఏడో నడక తాళ్ళు ఏరి తీసింది. లెక్క మళ్ళీ సరిచూడ్డానికని వరసగా నాలుగు వారాలు అదే నడక నడిచారు కాబట్టి ఎండాకాలానివి నాలుగున్నాయి. బల్ల మీద పక్కపక్కన పరిచి, చివరలు కలిపి, బోర్లా వంగి చూసింది.

మూడు తాళ్ళలో పెద్ద ముడులు ఒకే చోట పడ్డాయి. నాలుగో చిన్న ముడి తరవాత ఒకటి, తొమ్మిదో దాని తరవాత ఒకటి, అలా అయిదూ. దువ్వెన పళ్ళలా ఒకదాని పక్కన ఒకటి.

"అలిసిన మనిషి అలిసిన చోట కూలబడుతుంది," అని బల్లకి చెప్పింది పిన్ని. "మూడు వారాలూ అదే అడుగు దగ్గర అలిసిపోయేవాళ్ళు ఎవరు?"

నాలుగో తాడు ఇంకా విచిత్రం. దాంట్లో ఒకటే పెద్ద ముడి. ఆ తాడు వానకి తడిసి బిర్రబిగిసి ఉంది. ఆ ఆదివారం పొద్దుటినించీ మబ్బు, తిరిగొచ్చేటప్పుడు జల్లు. మబ్బు పట్టిన రోజు గుండె బాగుండి, ఎండ కాసిన రోజు చెడిపోతుందా? ఆస్పత్రి దుప్పట్లు ముప్పై ఒక్క ఏళ్ళు ఉతికిన మనిషికి అలాంటి గుండెజబ్బు ఎక్కడా తగల్లేదు.

బుధవారం పిల్లకి బడి లేదు. దాన్ని తీసుకుని పిన్ని ఏడో నడకకి వెళ్ళింది. తాడు చేత్తో తడుముకుంటూ అడుగులు లెక్కపెట్టి, మొదటి పెద్ద ముడి దగ్గర ఆగింది. అక్కడో దుంగ ఉంది. రెండో ముడి దగ్గర రాయి. మూడోదాని దగ్గర ఏమీ లేదు, గడ్డి. కూర్చోవడానికి వీలున్న చోటని కూర్చుంది కాదన్నమాట. దగ్గర్లో ఇల్లు లేదు, మనిషి లేడు, చూడ్డానికో వింత లేదు. పిన్ని నడుం మీద చేతులేసుకుని నాలుగు దిక్కులూ తిరిగింది.

"మీ తాతమ్మ ఇక్కడ కూర్చుని ఏం చేస్తుందే? నేను ముడేసుకుని ముందుకెళ్ళిపోతుంటాను, నాకేం కనబడుతుంది."

"ఏం చెయ్యదు నానమ్మా. కళ్ళు మూసుకుంటుంది. నన్నూ మూసుకుని వంద లెక్కపెట్టమంటుంది. అది మా ఆట."

"వంద అయ్యాక?"

"మెల్లిగా తెరిచి, దారి ఎటుందో ముందు ఎవరు చెబితే వాళ్ళు నెగ్గినట్టు. ప్రతిసారీ నేనే నెగ్గుతాను. తాతమ్మకి అస్సలు రాదు."

పిన్ని ఉన్నచోటే నిలబడిపోయింది. వీపు వెనక అడవి, చీకటిగా, చల్లగా ఉంది. మొహానికెదురుగా బీడు, తెల్లటి ఇసుక నేల, ఎండకి పళ్ళెంలా మెరుస్తోంది. తన కళ్ళకే ఒక క్షణం నీళ్ళు తిరిగాయి. ముందుకి అయిదో ముడి దాకా, మళ్ళీ వెనక్కి మొదటి ముడి దాకా నడిచి చూసింది. అన్నిచోట్లా అంతే. అయిదు ముడులూ అయిదు చోట్ల, చెట్ల నీడ తెగి ఎండ మొదలయ్యే గీత మీద పడ్డాయి. అడవిలోకి దూరే చోట ఒక్కటీ లేదు. అన్నీ బయటికి తేలే చోటే.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఈ మధ్య అత్తగారు పిల్లకి పని నేర్పుతున్నానని చెప్పి సూదిలో దారం దానిచేతే ఎక్కిస్తోంది. గ్లాసు కోసం బల్ల తడుముతోంది. కిటికీ పక్క కుర్చీ కాస్త లోపలికి జరిపించుకుంది. కూరలో వెంట్రుక వచ్చిందని కోడల్ని తిట్టి ఆరు నెలలైంది. పిన్ని అది తన వంట గొప్పతనం అనుకుంది.

దుంగ మీద కూలబడింది. ముడి మాత్రం వేసుకోలేదు. దుప్పట్లు ఎన్ని అని లెక్కపెట్టడం వచ్చిన మనిషి, కూర్చోవడాలూ ఎన్ని అనే లెక్కపెట్టింది. ఎక్కడ అని తాడు చెబుతూనే ఉంది, ఎవరడిగారు?

ఇంటికొచ్చి గోల చెయ్యలేదు. కాజాలు కుట్టి బతికిన మనిషిని నీకు కళ్ళు కనబడవని నలుగురిలో అనడం, వంటమనిషిని ఉప్పు తెలియదనడం లాంటిది. మొగుడికి చెబితే ఆయన ఆవిడ కుర్చీకి ఇంకో రెండు మేకులు కొడతాడు. అందుకని శనివారం రాత్రి భోజనాలయ్యాక పందెం వేసింది.

"రేపు ఒక్కరోజు అత్తయ్యని రానివ్వండి. మీరూ రండి. రెండుసార్లకి మించి కూర్చుంటే, ఆ తరవాత గడపకి అడ్డంగా నేనే పడుకుంటాను."

"నేనెందుకు?"

"లెక్క నేను వేస్తే నమ్మరుగా."

అత్తగారు వద్దంది, కాళ్ళు నొప్పులంది, బూట్లు బిగువైపోయాయంది. పిన్ని మంచం కిందినించి బూట్లు లాగి, "మూడు వారాల్లో పాదాలు పెరిగాయా, ఈ వయసులో?" అని తొడిగింది. ఆపైన మొగుడి పాత డ్రైవరు టోపీ తెచ్చి ఆవిడ నెత్తిన పెట్టింది. దాని అంచు చేటంత ముందుకుంటుంది. "ఎండ," అంది. అత్తగారు ఆ టోపీ అంచు రెండు వేళ్ళతో తడిమి, కిందికి లాక్కుంది.

మొదటి అడవి దాటి బీట్లోకి వస్తూనే మొగుడు ఆగాడు. "ఉండండి, బూటు లేసు ఊడింది," అని దుంగ మీద కూర్చున్నాడు. అత్తగారు ఆగలేదు. అంచు కింద తల వంచుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, మెల్లిగా సాగిపోయింది. రెండో చోట ఆయన రాయి మీద కూర్చున్నాడు. మూడో చోట గడ్డిలోనే.

"ముడి వెయ్యనా?" అంది పిన్ని.

"నాకు కాదు వెయ్యాల్సింది. అమ్మకి."

"అమ్మ అదిగో, అల్లంత దూరాన ఉంది. మీ ఇంజను సంగతేమిటి?"

"నీళ్ళియ్యి ముందు."

నాలుగో చోట ఆయన బూట్లు విప్పేసి, "మీరు పదండి, నేను వెనకాల వస్తా," అన్నాడు. తాతకి తోడుండమని పిన్ని మనవరాలిని కేకేసి వెనక్కి పిలిచి అక్కడే ఉంచి, తను పరుగులాంటి నడకతో అత్తగారిని అందుకుంది. ముందుంది అయిదో చోటు. అక్కడ దారి వంపు తిరిగి పొద్దుకి ఎదురుగా తేలుతుంది. టోపీ అంచు కిందినించి ఎండ దూరింది. అత్తగారు నీడ గీత మీద ఒక కాలు వేసి, ఆగిపోయింది. చెయ్యి గాల్లోకి చాచి, ఎక్కడా ఏమీ దొరక్క, మళ్ళీ దింపేసుకుంది.

"కూర్చోండి అత్తయ్యా. తాడు సంచిలో పెట్టేశాను."

"నేనేం అలిసిపోలేదు."

"నేనలిసిపోయాను. వంద లెక్కపెడదాం."

ఇద్దరూ గడ్డిలో కూర్చున్నారు. ఎంత లెక్క అయ్యిందో గాని, అత్తగారు అడిగింది: "పిల్ల చెప్పిందా?"

"తాడు చెప్పింది. ఎన్నాళ్ళనించి?"

"ఎక్కువైంది చలికాలం నించి. నీడలో బాగానే ఉంటుంది. ఎండలోకి వస్తే ఎవరో మొహం మీద పాలు కొట్టినట్టు, అంతా తెలుపు. కాసేపు ఆగితే కాస్త ఆకారాలు తేలతాయి."

"చెప్పరేం మరి?"

"చెబితే వాడేం చేస్తాడు? బస్సుకి దీపం పోతే షెడ్డులో పెట్టి తాళం వేసే రకం వాడు. గుండె అన్నాడు కదా, పోనీ గుండే అనుకోనీ అనుకున్నా. గుండె అంటే జాలి పడతారు. గుడ్డిదంటే చెయ్యి పట్టుకుని దొడ్డికి తీసుకెళ్తారు."

"షెడ్డులో పెట్టిన బస్సుకి దీపం మార్చి మళ్ళీ రోడ్డెక్కిస్తారు అత్తయ్యా. నేను పనిచేసిన ఆస్పత్రిలో కళ్ళ వార్డు దుప్పట్లే అన్నిటికన్నా శుభ్రంగా వచ్చేవి. పొద్దున వచ్చినవాళ్ళు మర్నాటికి లేచి వెళ్ళిపోయేవాళ్ళు."

"కంట్లో సూది పెడతారటగా."

"రోజుకి అరవై కాజాలు కుట్టిన మనిషికి సూదంటే భయమా?"

"సూది నా చేతిలో ఉన్నంతసేపూ భయం లేదే," అంది అత్తగారు. పిన్ని లేచి, ఆవిడ చెయ్యి తీసుకుని తన మోచేతికి తగిలించుకుంది. నలభై రెండేళ్ళలో ఆ ఇద్దరూ అలా నడవడం అదే మొదలు. వెనకనించి మొగుడు కుంటుకుంటూ వచ్చి, "ఎన్నిసార్లు కూర్చుంది?" అన్నాడు.

"ఒక్కసారి. మీరు నాలుగు. వచ్చే వారం మిమ్మల్ని ఇంట్లో పెట్టి వెళ్తాం."

కళ్ళ సంగతి ఆ రాత్రి అత్తగారే కొడుక్కి చెప్పింది. కోడలు చెబితే కోడలి మాట అవుతుంది, తను చెబితే తన నిర్ణయం అవుతుంది. వైద్యానికి వెళ్ళేది కూడా నడిచే వెళ్తానంది. ముందు కుడి కన్ను, నెల తిరిగాక ఎడమ కన్ను. కట్టు విప్పిన రోజు పిన్ని మొహం కేసి చూసి, "కంటి కింద నలుపేంటే, నిద్రపోవడం లేదా?" అంది. నిద్ర లేకపోవడానికి కారణం ఎవరో పిన్ని చెప్పలేదు.

మళ్ళీ ఏడో నడకకి వెళ్ళేసరికి ఎండలు చల్లబడ్డాయి, బీట్లో తుప్పలు పూశాయి. టోపీ లేదు. అడవి దాటి బయటికి తేలగానే అత్తగారు దుంగ మీద కూర్చుంది. పిన్ని వెనక్కి పరుగెత్తింది.

"మళ్ళీ ఏమైంది?"

"ఈ పూలు ఊదారంగా?"

"ఎప్పుడూ ఊదాయే కదా."

"నిరుడు నాకు బూడిదలా కనబడ్డాయి. ఈ నేల ఇంతేలే అనుకున్నా. ఉండవే, చూడనీ."

రెండో చోట తేనెటీగల కోసం కూర్చుంది. మూడో చోట దూరంగా చేలో ట్రాక్టరు వేసిన గీతలు తిన్నగా ఉన్నాయా లేదా అని కూర్చుని, నాలుగో గీత వంకరని తేల్చింది. పాల డైరీ గేటు చేరేసరికి ఏడు కూర్చోవడాలయ్యాయి. పిన్ని ముడులేస్తూ వేస్తూ, వీటిని ఏ లెక్కలో రాయాలో తెలియక తల గోక్కుంది.

మర్నాడు లైబ్రరీ అమ్మాయి దగ్గర కూర్చుని ఏడో కాగితం మార్పించింది. ఇప్పుడు దాని మీద ఇలా ఉంటుంది: "ఏడో నడక. కాళ్ళకి ఒక కూర్చోవడం, కళ్ళకి ఏడు. నీడ తెగే చోట కాసేపు ఆగండి. ఎవరైనా ఎక్కువసేపు ఆగితే ఎందుకని అడగండి." తాతని ఇంట్లో పెట్టమన్న మాట పన్నెండు కాగితాల్లోనూ కొట్టేయించింది.

ఆ సాయంత్రం అత్తగారు తలుపు వెనక తాళ్ళన్నీ తీసి, ఒళ్ళో పోసుకుని, ఒక్కొక్కటే కిటికీ దగ్గరగా పట్టి చూసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు ముడులేసిన చెయ్యి వేసినవేనటే ఇవి? ఒక్కటీ తిన్నగా లేదు."

"లెక్క తిన్నగానే ఉంది కదా అత్తయ్యా."

"ఎక్కడ ఉంది, ఉండు, తిన్నగా వేసి చూపిస్తా," అని ఆవిడ మొదటి తాడు విప్పడం మొదలుపెట్టింది.